పచ్చ వెదురు కాలు

నేను కాళ్ళూ చేతులూ తయారుచేస్తాను. పోయినవాటి చోట కొత్తవి అమరుస్తాను. కువైట్‌కు రాకముందు హైదరాబాదులో ఇదే పని. అక్కడ నా దగ్గరికి రైలు కింద పడినవాళ్ళూ, షుగరు ముదిరినవాళ్ళూ వచ్చేవారు. ఇక్కడ ఎక్కువమంది కారు ప్రమాదాలవాళ్ళే. మా సెంటర్లో కింద నడక నేర్పే హాలు, పైన నా వర్క్‌షాపు. ప్లాస్టర్ దుమ్ము, రెసిన్ జిగురు వాసన, గోడకు వేలాడే పాదాలు, మోకాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గోడ చూసి మాట మధ్యలో ఆపేస్తారు. నాకు మాత్రం అది గరిటెలు వేలాడే వంటింటి గోడలాంటిదే.

ఆ పాప, ఆ పాప ఇంట్లో పనిచేసే ఆమె ఒకే రోజు వచ్చారు. ఇద్దరిదీ ఒకే ప్రమాదం. మిష్రిఫ్‌లో వాళ్ళ ఇల్లు. పాప వాళ్ళన్న కొత్త కారు నడుపుతూ డివైడర్‌ను గుద్దాడు. అతనికి నుదుటి మీద చిన్న గాటు పడింది. వెనక సీట్లో ఉన్న పాపకు కుడి కాలు మోకాలి కింద పోయింది. పక్కన కూర్చున్న పనిమనిషికి ఎడమ చెయ్యి మోచేతి కింద పోయింది. పాపకు పదేళ్ళుంటాయి. పనిమనిషిది రాయచోటి దగ్గర పల్లె, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది.

పాప తల్లి నన్ను ‘దక్తూరా’ అని పిలిచేది. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా అంతే. మంచి మనిషి. వచ్చినప్పుడల్లా మా అందరికీ కేకో ఖర్జూరాలో తెచ్చేది, సెంటర్లో తుడిచే అమ్మాయికి కూడా తన చేత్తో ఇచ్చేది. మొదటి రోజే నాతో ఇంగ్లీషులో చెప్పింది.

“ఈమె పాపకు బెల్టు పెట్టలేదు. పెట్టి ఉంటే కాలు పోయేది కాదు. అయినా మేం పంపించెయ్యలేదు. వేరేవాళ్ళయితే ఆస్పత్రి నుంచే విమానం ఎక్కించేవాళ్ళు.”

ఆ చివరి మాట నిజమే. అలా పంపించేసిన వాళ్ళ గురించి మహబూలాలో మా ఫ్లాటులో ఉండే నర్సులు చెబుతూనే ఉంటారు. కారు నడిపిన కొడుకు ఊసు మాత్రం ఆమె నోట ఒక్కసారీ రాలేదు.

నేను కొలతలు తీసుకుంటూ పనిమనిషిని తెలుగులో పలకరించాను. ఆమె ఉలిక్కిపడి, తాను ‘మామా’ అని పిలిచే పాప తల్లి వైపు చూసి, గొంతు తగ్గించింది.

“అక్కా, నువ్వు మనోళ్ళేనా? అయితే ఒక మాట చెప్పు. లేని చేతి ఏళ్ళు యాడైనా నొప్పి పెడతాయా? మామాకు చెప్తే అబద్ధాలు చెప్తాండావు అంటాది.”

“పెడతాయి. చాలామందికి అట్లాగే ఉంటుంది. అబద్ధం కాదు.”

“చిటికెన ఏలు మడుచుకోని ఉన్నట్లుండాదిక్కా. సాపు చేసుకుందామంటే ఏలే ల్యా.”

నేను ఆ మాట తల్లికి ఇంగ్లీషులో వివరించాను. ఆమె శ్రద్ధగా వింది. “పాపకూ అలా ఉంటుందా?” అని అడిగింది. ఉంటుందన్నాను. వెంటనే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. పనిమనిషి వైపు చూడలేదు.

పాపకు ముందు ఒంటి రంగు కాలు చేశాను. పాప దాన్ని ఒక్కసారి చూసి, పెట్టుకోనని తెగేసి చెప్పింది. బతిమాలారు, కేకలేశారు, ఐప్యాడ్ లాక్కున్నారు. చివరికి కారణం తెలిసింది. ఐప్యాడ్ తిరిగి ఇస్తే పాప నాకొక కార్టూన్ సినిమా చూపించింది.

ఏదో పాత చైనా కథ ఆధారంగా తీశారట. అరబ్బీ మాటలు పెట్టారు. ఒక సేనాపతి కూతురు వరదలో చనిపోతుంది. కొండ మీది ముని ఆమె ఊపిరిని మట్టికుండలో పట్టి ఉంచి, పచ్చ వెదురుతో కొత్త ఒళ్ళు అల్లుతాడు. ఆ ఒంట్లోకి ఊపిరి వదలగానే కణుపు కణుపుకూ వెలుగు వస్తుంది. ఆ పిల్ల లేచి నిలబడి, నేనిప్పుడు మనిషిని కాను, ఇక నాకు చావు లేదు అని నవ్వుతుంది. మేడలెక్కి దూకుతుంది, నది మీద నడుస్తుంది. ఆమెకు పనులు చేసిపెట్టడానికి ముని కాగితంతో ఒక మనిషిని కత్తిరించి ఇస్తాడు. చప్పట్లు కొడితే అది లేస్తుంది. ‘మడుచుకో’ అంటే మడతలు పడి నేల మీద పడిపోతుంది. దానికి పేరు లేదు, ఒక్క మాట కూడా లేదు. చివర్లో గుహలో చీకటైతే వెదురు పిల్ల ఆ కాగితపు మనిషినే వెలిగించి దారి చూసుకుంటుంది. పాపకు అది అన్నిటికంటే ఇష్టమైన చోటు. అక్కడికి రాగానే సౌండు పెంచేది.

“నాకు ఇది కావాలి. మనుషుల కాలు వద్దు,” అంది పాప.

తల్లికి మింగుడుపడలేదు. పెళ్ళిళ్ళకు వెళితే అందరూ చూస్తారంది. నేను మాత్రం సంతోషించాను, ఎందుకంటే పిల్లలు ఏ రంగు అడిగితే ఆ రంగు కాలు వాళ్ళకు తొందరగా అలవాటవుతుంది. మిగిలిన కాలు దూర్చే గిన్నెలాంటి సాకెట్ మీద రెసిన్ పోసేటప్పుడు లోపల బట్ట వేస్తే ఆ బట్ట బొమ్మలే పైకి కనబడతాయి. బట్టల కొట్లన్నీ తిరిగి వెదురాకుల అచ్చు ఉన్న ఆకుపచ్చ గుడ్డ సంపాదించాను. పాప ఆ కాలును ఒడిలో పెట్టుకొని, బుగ్గ ఆనించి, ముద్దు పెట్టింది. నా పనిలో అలాంటిది తరచుగా దొరకదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫ్లాటులో కూర్చొని ఆ సినిమా మొత్తం చూశాను. తర్వాత అలాంటివే మరికొన్ని చూశాను. పాత చైనా కథల్లో రాయీ, నక్కా, పామూ, చెట్టూ వందల ఏళ్ళు తపస్సు చేసి మనిషి రూపం సంపాదిస్తాయి. వాటికి మనిషి కావడమే పైమెట్టు. ఇప్పుడు ఆ కథల్ని బొమ్మల సినిమాలుగా తీసేవాళ్ళు నిచ్చెనను తిప్పి పెడుతున్నారు. మనిషే తన ఒళ్ళు వదిలించుకొని వెదురో, లోహమో, వెలుగో అయిపోతాడు, అదే పైమెట్టు. ఇలాంటి ఆలోచనకు చదువుకున్నవాళ్ళు పెట్టిన పేరు కూడా ఉంది. మనిషిని దాటిన తర్వాతి మనిషి అని చెప్పుకోవచ్చు. చర్మం దగ్గరే మనిషి ఆగిపోనక్కర్లేదు, మనిషికీ వస్తువుకూ మధ్య గోడ లేదు అంటారు. చదువుతుంటే నాకు నచ్చింది. నేను రోజూ చేసేది అదే కదా అనిపించింది. కానీ సినిమాలో ఒకచోట నా కాలికి రాయి తగిలినట్టయింది. ఆ గోడ కూలింది సేనాపతి కూతురికి ఒక్కదానికే. కాగితపు మనిషి మొదట వస్తువే, ఆఖరికీ వస్తువే. అది కాలిపోతుంటే వెనక గొప్ప సంగీతం వస్తుంది, వెదురు పిల్ల ముఖం మీద ఆ వెలుగు పడుతుంది, చూసేవాళ్ళు ఆ ముఖాన్నే చూస్తారు.

కాలైతే వచ్చింది గానీ పాప నడవడం లేదు. రెండు కమ్మీల మధ్య నిలబెడితే చేతులు వదలదు. ఫిజియో కేరళ మనిషి, ఓపిక గలది, రకరకాల ఆటలు పెట్టి చూసింది. ఒకరోజు పాప ఒక కమ్మీకి ఒరిగి, మోచేతులు దాని మీదే ఆనించి నిలబడి, ఎదురుగా బెంచీ మీద కూర్చున్న పనిమనిషిని చూసి చప్పట్లు కొట్టింది. ఆమె లేచి నిలబడింది. ఇంట్లో అప్పటికే అలవాటైన ఆట అని నాకు తర్వాత తెలిసింది. పాప అరబ్బీలో ‘మడుచుకో’ అని అరిచింది. ఆమె మోకాళ్ళ మీద కూలబడి, నడుం వంచి, నుదురు నేలకు ఆనించింది. ఒక చెయ్యి లేదు కాబట్టి ఆ పక్కకు ఒరిగిపోయింది. పాప పడీపడీ నవ్వింది. నవ్వుతూ చేతులు వదిలేసింది.

అదే మొదటి అడుగు.

ఫిజియోకు అది కనబడింది. తల్లికీ కనబడింది. మర్నాటి నుంచి పనిమనిషిని కమ్మీల అవతలి కొసన నిలబెట్టారు. పాప నడిచి అక్కడికి చేరితే చప్పట్లు కొట్టొచ్చు, మడవొచ్చు. రోజూ ఆమెను కొంచెం వెనక్కి జరిపేవాళ్ళు. పాప పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ, కళ్ళు ఆమె మీదనే పెట్టి నడిచేది. చేరాక మడిచేది. ఒక్కొక్కసారి మడిచాక వెదురు పాదంతో ఆమె భుజం మీద తొక్కి చూసేది. ఆ పాదానికి తెలియదు కదా ఎంత గట్టిగా తొక్కుతున్నదీ.

నేను ఫిజియోతో అన్నాను, ఇది ఆపమని.

“పిల్ల నడుస్తోంది కదా,” అందామె. “ఇన్ని వారాల్లో ఏదీ పని చెయ్యలేదు. ఇది చేస్తోంది.”

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన తల్లికి ఫోన్ చేశాడు. తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“దక్తూరా, అది ఆట. ఆమెను అడగండి, ఏమైనా బాధపడుతోందా?”

అందరి ముందూ అడిగాను. తెలుగులోనే అడిగాను.

“ఏం బాధక్కా,” అంది ఆమె. “వంగితే వంగినట్లే. చిన్నబిడ్డ. నువ్వు ఇంగ అడగాకు. నువ్వు అడిగిన దినం ఇంటికాడ మామా నాతో మాట్లాడదు.”

నేను దాన్ని తల్లికి అనువదించలేదు. బాధ లేదంటోంది అని మాత్రం చెప్పాను. తల్లి హాయిగా నవ్వి, నాకు కేకు ముక్క కోసి పెట్టింది.

పాప నడక కుదురుకున్నాక పనిమనిషి చెయ్యి విషయం వచ్చింది. తల్లే ఎత్తింది, ఖర్చు తనే పెట్టుకుంటానంది. రెండు రకాలు చూపించాను. ఒకటి వేళ్ళున్నది, చూడ్డానికి చెయ్యిలా ఉంటుంది గానీ పని చెయ్యదు. రెండోది ఇనుప కొక్కెం. వీపు మీదుగా రెండో భుజానికి పట్టీ వేసుకొని, భుజం ముందుకు తోస్తే తీగ లాగి కొక్కెం నోరు తెరుస్తుంది, వదిలితే మొదట్లో ఉన్న రబ్బరు దాన్ని మూసేస్తుంది.

“వేళ్ళెందుకు? బకెట్ ఎత్తాలి. కొక్కెం చాలు,” అంది తల్లి.

నన్ను అడిగినా అదే చెప్పేదాన్ని. బకెట్ కోసమనే మాట మాత్రం నా నోట వచ్చేది కాదు.

కొక్కెం తొడిగిన రోజు నేను మరిచిపోలేను. నేను ఆమె వీపు మీద పట్టీ బిగిస్తుంటే ఆమె ఊపిరి బిగబట్టింది. భుజం తోయమన్నాను. కొక్కెం తెరుచుకుంది. మళ్ళీ తోసింది. నా బల్ల మీది కాగితం కప్పును నలగకుండా పట్టుకొని లేపింది. మామూలుగా దానికి కొన్ని వారాలు పడుతుంది.

“ఇది నేను చెప్పినట్ల ఇంటాదే,” అంది. నవ్వింది. ఆమె పళ్ళు అప్పుడే మొదటిసారి చూశాను.

కొద్ది రోజుల్లోనే వెల్లుల్లి ఒలిచింది, సూదిలో దారం ఎక్కించింది. ఒకసారి హాల్లో అందరి ముందూ తన జడ తనే అల్లుకుంది. ఫిజియో చప్పట్లు కొట్టింది. పక్కనున్న పేషెంట్లు కొట్టారు. ఒక ముసలాయన చక్రాల కుర్చీలోంచి శభాష్ అన్నాడు. కమ్మీల దగ్గర నిలబడ్డ పాప ఇదంతా చూసింది.

చప్పట్లు ఆగాక పాప తన చప్పట్లు కొట్టి ‘మడుచుకో’ అంది. ఆమె వంగింది. ఈసారి పక్కకు ఒరగలేదు. కొక్కెం నేలకు ఆనించి నిలదొక్కుకుంది. పాప నవ్వలేదు. కమ్మీ పట్టుకొని అక్కడే కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా లేవలేదు.

మర్నాడూ నడవలేదు. ఆ వారమంతా నడవలేదు. తల్లి అడిగితే పాప చెప్పిన మాట ఫిజియో నాకు చెప్పింది.

“సినిమాలో కాగితం మనిషికి కొత్త ఒళ్ళు ఇవ్వరు. కొత్త ఒళ్ళు నాకు. దానిది తీసెయ్యండి.”

పదేళ్ళ పిల్ల. మనిషిని దాటి పోవడమంటే ఏమిటో పుస్తకాలు చదివినవాళ్ళకంటే తనకే బాగా తెలుసన్నట్టు చెప్పింది. అందరూ దాటిపోతే ఇక దాటడంలో గొప్పేముంది? కింద ఎవరో ఒకరు ఉండాలి.

తల్లి నా దగ్గరికి వచ్చి, హాల్లో ఉన్నప్పుడు ఆమెను కొక్కెం పెట్టుకోవద్దని చెప్పమంది. నేను చెప్పనన్నాను. తల్లే చెప్పింది. పాప లేచి నాలుగు అడుగులు వేసింది. తర్వాత ఇంట్లోనూ వద్దన్నారు. ఓ ఉదయం డ్రైవర్ సూపర్‌మార్కెట్ సంచీలో కొక్కెం చెయ్యిని తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తల్లి ఫోన్ చేసింది.

“మీ దగ్గర ఉంచండి దక్తూరా. ఇంట్లో ఉంటే పాప కంటపడుతుంది, ఏడుస్తుంది. కొన్నాళ్ళే.”

“అది ఆమె కొలతకు చేసింది. వేసుకోకపోతే చెడిపోతుంది,” అన్నాను.

“ఇనుము కదా, ఏం చెడిపోతుంది?”

చెడిపోయేది ఇనుము కాదని, లోపల పెట్టే చెయ్యి అని వివరించబోయాను. అవతల పాప పిలుస్తోందని పెట్టేసింది.

ఆ తర్వాత పనిమనిషి వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి పమిట కింద దాచుకొని బెంచీ మీద కూర్చునేది. పిలిస్తే లేచేది, మడుచుకోమంటే మడుచుకునేది, పక్కకు ఒరిగేది. పాప నడక బ్రహ్మాండంగా సాగింది. కమ్మీలు వదిలేసింది. మెట్లెక్కింది. చిన్నగా పరుగు కూడా మొదలుపెట్టింది. సెంటర్ వాళ్ళు పాప పరుగును వీడియో తీసి, తల్లి అనుమతితో హాల్లో టీవీలో పెట్టారు. కొసన నిలబడ్డ మనిషి ఫ్రేములో పడకుండా తీశారు.

ఎండలు ముదిరాయి, తగ్గాయి. ఒకరోజు తల్లి పాపనూ పనిమనిషినీ వెంటబెట్టుకొని పైకి నా వర్క్‌షాపుకే వచ్చింది. పాప పొడుగైంది, కొత్త సాకెట్ కావాలి. ఈసారి బట్ట ఏది వెయ్యమంటావని అడిగాను.

“నల్లది. మామూలుది,” అంది పాప.

“వెదురు వద్దా?”

“అది చిన్నపిల్లల సినిమా,” అంది చిరాగ్గా, ఫోన్లోంచి తలెత్తకుండా.

తల్లి నవ్వుతూ నా బీరువా వైపు చూపించింది. “ఆమె చెయ్యి ఇచ్చెయ్యండి. ఖలాస్, పాపకు ఇప్పుడు ఏ పట్టింపూ లేదు. ఎల్లుండి ఆమె ఊరికి వెళ్ళిపోతోంది. కొత్త అమ్మాయి వచ్చేసింది. తీసుకెళ్ళనీ, పుణ్యం.”

బీరువాలోంచి తీశాను. పనిమనిషి రెండు అడుగులు ముందుకు వచ్చి చెయ్యి చాచింది. సాకెట్ తొడిగాను. లోపల ఆమె చెయ్యి వదులుగా ఆడింది. వాడకపోతే కండ తగ్గిపోతుంది, మొదటి ఏడాదిలో మరీ. నూలు తొడుగు ఒకటి వేశాను, దాని మీద ఇంకొకటి, మరొకటి. పట్టీ బిగించి భుజం తోయమన్నాను. తోసింది. కొక్కెం తెరుచుకోలేదు. సాకెట్ మొత్తం గిర్రున తిరిగి జారి నా చేతిలోకి వచ్చేసింది.

“సన్నబడినానా అక్కా?” అంది.

తల్లిని వారం రోజులు ఆపమని అడిగాను. టికెట్ తీసేశామంది. ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఇఖామా, దాని గడువు కూడా అయిపోతోందంది. అవి రెండూ నిజాలే. నేను బకెట్లో ప్లాస్టర్ కలిపాను. అప్పటికప్పుడు ఆమె చెయ్యికి తడి పట్టీలు చుట్టి అచ్చు తీశాను. తల్లి గడియారం చూసుకుంటూ నిలబడింది. పాప ‘యల్లా, యల్లా’ అని తొందరపెడుతూ వెదురు పాదంతో బల్ల కాలును తన్నుతూ ఉంది. ప్లాస్టర్ గట్టిపడే దాకా ఆమె కదలకుండా కూర్చొని, పాప వైపే చూసింది. ఆ చూపులో ప్రేమ ఉందో, ఇంకేం ఉందో నాకు అర్థం కాలేదు.

కొత్త సాకెట్ సెలవు రోజుల్లో చేశాను. మేనేజర్‌కు తెలుసు, తెలియనట్టు ఊరుకున్నాడు. పాత కొక్కెం దానికే బిగించి, సల్వాలో డ్రైవర్ పని చేసే రాయచోటి మనిషి సెలవు మీద ఊరికి పోతుంటే ఇచ్చి పంపాను. పట్టీ ఎలా సర్దుకోవాలో ఫోన్లో వీడియో తీసి పంపాను. చాలా రోజులు జవాబు లేదు. ఇక్కడికి తిరిగొచ్చిన ఆ మనిషిని అడిగితే, ఇచ్చేశాను మేడం, అన్నాడు.

చివరికి ఆమే ఫోన్ చేసింది, వీడియోలో. మదనపల్లె టమాటా మండీలో ఉంది. వెనక క్రేట్లు కొండలా పేర్చి ఉన్నాయి. కొక్కెం చూపించింది. రంగు పోయింది, టమాటా రసం ఎండి నల్లబడింది. క్రేటుకు తాడు కట్టి కొక్కెంతో బిగించి చూపింది.

“ముందు ఎవురూ పని ఇయ్యల్యా అక్కా. దీన్ని చూసి పిల్లోల్లు రాళ్ళు ఇసిరినారు. ఇప్పుడు అలవాటైపోయినారు. పిడి కాడ రబ్బరు తెగింది, ఇంగొకటి పంపుతావా?”

పంపుతానన్నాను. “పాప ఎట్లుండాది? పరిగెత్తుతాందా?” అని అడిగిందామె.

“బాగా పరిగెత్తుతోంది. స్కూల్లో పోటీలకు కూడా వెళ్తోందట. నిన్ను అడుగుతుంటుంది,” అన్నాను. చివరి మాట అబద్ధం. పాప ఒక్కసారి కూడా అడగలేదు.

ఆమె నవ్వింది. కొక్కెం తెరిచినప్పుడు నవ్విన నవ్వు కాదిది.

“పరిగెత్తనీక్కా. ఎంత దూరం పరిగెత్తినా పండుకునేటప్పుడు ఆ కాలు ఊడదీసి గోడకు ఆనించాల్సిందే గదా. ఆ పొద్దు దానికి నేను గుర్తుకు రావాల. జీవితమంతా రావాల.”

అంతలో అవతల ఎవరో లారీ వచ్చిందని కేకేశారు. ఆమె ఫోన్ క్రేటు మీద పెట్టి లేచింది. కట్ చెయ్యడం మరిచిపోయింది. చాలాసేపు నాకు రేకుల కప్పే కనబడింది, కింద ఎవరినో ఆమె గట్టిగా తిడుతుండడం వినబడింది. నేనే కట్ చేసి, రబ్బరు ముక్క వెతకడానికి లేచాను.